మూత వేసిన బొరియలు

కరోనా రావడానికి ముందటి ఏడాది, మార్చి నెలలో, నన్ను బహ్రెయిన్ దక్షిణపు ఎడారిలో ధబ్‌ల సర్వేకు నాయకురాలిగా వేశారు. అప్పుడు నేను సనాబిస్‌లోని ఒక పర్యావరణ సలహా సంస్థలో సీనియర్ ఎకాలజిస్టుని. హోదా పేరు ఘనంగానే ఉంటుంది గానీ చేసే పని ఎండలో నడుము వంచుకుని నేల చూస్తూ నడవడం. కాకినాడలో జంతుశాస్త్రం చదివి, మా వారి బ్యాంకు ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చినదాన్ని. నేను ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఇద్దరికీ మనశ్శాంతి ఉండదని ఆయనే గ్రహించి నా చేత ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించారు. ఆ ముందుచూపుకు ఇప్పటికీ మెచ్చుకుంటాను.

ధబ్ అంటే ముళ్ళ తోక బల్లి. మనవాళ్ళు చూడగానే ఉడుము అంటారు. కాదు. ఉడుము మాంసం తింటుంది, ఇది ఎడారి తుప్పల ఆకులూ గడ్డీ తిని బతుకుతుంది. తోక మీద వరసలు వరసలుగా ముళ్ళుంటాయి. భయపడితే బొరియలోకి దూరి, ఒళ్ళు ఉబ్బించి గోడలకు బిగుసుకుంటుంది. ఉడుంపట్టు అని మనం చెప్పుకునేది దీనికీ చెల్లుతుంది. ఇక్కడివాళ్ళు పూర్వం దీన్ని వేటాడి తినేవారు, ఇప్పటికీ సరదాకు పట్టేవాళ్ళున్నారు. వేట కన్నా పెద్ద ముప్పు ఏమిటంటే, రోడ్లూ పైపులైన్లూ పడి అది తిరిగే నేల ముక్కలైపోవడం.

ఒక పైపులైను కాంట్రాక్టరు తన పైపులు దించుకోవడానికి యార్డు కావాలని ఎడారిలో ఒక మట్టిబాట పక్కన స్థలం అడిగాడు. అక్కడ పాత ధబ్‌ల కాలనీ ఉంది. అనుమతి ఇచ్చే శాఖ ఒక షరతు పెట్టింది. ఆ బొరియల్లో ఇప్పుడు జీవాలు ఉన్నాయా లేవా తేల్చాలి. ఉంటే యార్డు బాటకు అవతలి వైపు జరగాలి. లేకపోతే ఇక్కడే బుల్డోజరు దిగుతుంది. తేల్చి సంతకం పెట్టవలసింది నేను. పైపులు అప్పటికే మీనా సల్మాన్ ఓడరేవులో అద్దె స్థలంలో పడి ఉన్నాయి. కాంట్రాక్టరు తరఫు ప్రాజెక్టు మేనేజరు, బహ్రెయినీ, ఇంజనీర్ యూసుఫ్, రోజూ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడిగేవాడు. నా ఆరోగ్యం మీద ఆయనకు అంత శ్రద్ధ ఎందుకో ఇద్దరికీ తెలుసు.

జంతువుల సర్వే అంటే జంతువులను లెక్కపెట్టడం అనుకుంటారు చాలామంది. ధబ్ మనకు కనపడే దాకా ఆగితే ఉద్యోగం ఊడుతుంది. మేము లెక్కపెట్టేది బొరియలను. అందులోనూ చిక్కుంది. పాత కాలనీలో వదిలేసిన బొరియలు చాలా ఉంటాయి. వాటిలో ఎలుకలో, పాములో కాపురం పెడతాయి. అందుకని పని రెండు విడతలుగా చేస్తాం. మొదటి విడతలో స్థలాన్ని తాడుతో సమానమైన పట్టీలుగా విడగొట్టి, ఒక్కొక్క పట్టీ వెంబడి నడిచి, కనపడిన ప్రతి బొరియ పక్కన చిన్న జెండా పాతి, దాని స్థానం నమోదు చేస్తాం. ధబ్ బొరియ నోరు అర్ధచంద్రంలా ఉంటుంది, కింద బల్లపరుపు, పైన కమాను. రెండో విడతలో ప్రతి నోటి ముందూ ఇసుకను బ్రష్షుతో చదును చేసి వదిలేస్తాం. ధబ్ పొద్దెక్కి నేల వేడెక్కాక గాని బయటికి రాదు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, వచ్చి వెళ్ళిన దానికి కాళ్ళ గుర్తులూ, నడుమ తోక ఈడ్చిన గీతా ఉంటాయి. గీత ఉన్న బొరియ నివాసం, లేనిది ఖాళీ. నివేదికలో ఈ రెండు మాటలే రాస్తాం.

మొదటి విడతకు మనుషులు కావాలంటే కాంట్రాక్టరే ఆరుగురిని పంపాడు. అందరూ సిత్రాలోని కూలీల క్యాంపులో ఉండే తెలంగాణ వాళ్ళు. వాళ్ళకు మేస్త్రీ గంగారాం, జగిత్యాల వైపు మనిషి, యాభైకి దగ్గర పడినవాడు. గుంతలు తవ్వడం, పైపుల కింద దిమ్మెలు పేర్చడం వాళ్ళ రోజువారీ పని. మొదటి రోజు నేను ధబ్ బొమ్మ చూపించి వివరించాక సాయిలు అనే అతను గంభీరంగా అడిగాడు.

"మేడం, గిది కూరకు మంచిగుంటదంటరు గదా. లెక్కవెట్టినంక ఏం జేస్తరు?"

"లెక్కలో ఒక్కటి తగ్గినా ముందు నీ బువ్వగిన్నె వెతుకుతాను," అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత వాళ్ళు పని చేసిన తీరుకు వంక పెట్టలేను. తాడు వదులు కాలేదు, జెండా వాలలేదు. నేను ఎలుక కన్నం అని కొట్టేసిన చోట కూడా నర్సయ్య అనే అతను నిలబడి, "ఒకపారి మల్ల సూడుండ్రి," అని పట్టుబట్టేవాడు. నేను చెప్పిందే నిజమయ్యేది, అతను ఒప్పుకునేవాడు కాదు.

గురువారం సాయంత్రానికి మొదటి విడత పూర్తయింది. శుక్రవారం సెలవు. శనివారం పొద్దున నేను బ్రష్షులు పట్టుకుని వెళ్ళేసరికి స్థలమంతా తెల్లటి ప్లైవుడ్ ముక్కలు. ప్రతి జెండా పక్కనా ఒక పలక, నాలుగు మూలలా ఇసుక సంచులు, పలక మీద ఎర్ర రంగుతో 'గుంత, జాగ్రత్త' అని ఇంగ్లీషులో. ఒక్క బొరియ కూడా వదలలేదు. చుట్టూ బూట్ల అచ్చులు తప్ప మరొక గుర్తు లేదు. ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఎంత కోపం వచ్చిందంటే, జీపు తలుపు వేసిన తీరుకు మా డ్రైవరు దిగకుండా లోపలే కూర్చున్నాడు.

గంగారాంను పిలిచి ఇదేమిటని అడిగాను. అతనికి నా కోపం అర్థం కాలేదు. చక్కగా చేసిన పనికి తిట్లేమిటన్నట్టు చూశాడు.

"సేఫ్టీ సారు గురువారం పొద్దుమూకంగ ఫోన్ జేసిండు మేడం. ఆదివారం పెద్దసార్ల ఇన్‌స్పెక్షన్ ఉన్నది, సైట్ల ఒక్క గుంత గూడ తెరిచి ఉండొద్దన్నడు. గవి అన్ని మీరే సూపిచ్చిన గుంతలు. జెండలు గూడ వెట్టిచ్చిన్రు. శుక్రారం ఓవర్‌టైం జేసి మూసినం."

పైపులైను సైటులో పనిచేసిన వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. అక్కడ అరచేతి కంటే వెడల్పైన ఏ రంధ్రమైనా గుంతే. దానికి మూత, మూతకు బరువు, బరువు మీద హెచ్చరిక ఉండాలి. అది వాళ్ళకు ఉద్యోగంలో చేరిన రోజు చెప్పే మొదటి నియమం. గంగారాంకు దానితో ఇంకో సంబంధం కూడా ఉంది. అంతకు ముందు సంవత్సరం సిత్రాలో మూత లేని మ్యాన్‌హోల్‌లో పడి నడుము విరిగి ఇంటికి వెళ్ళిపోయినవాడు అతని మండలం వాడే. జెండా పెట్టిన గుంతను తెరిచి ఉంచడం అతని లెక్కలో మనిషిని చంపే పని. అతనికి చెప్పవలసిన మాట చెప్పనివాళ్ళు ఎవరని వెతికితే, ఫోన్ చేసిన సేఫ్టీ ఆఫీసరుకు బొరియల సంగతే తెలియదు. ఆయనకు సర్వే కాగితాలు పంపవలసిన వాళ్ళు పంపలేదు.

ఇన్‌స్పెక్షన్ సంగతి నేను చూసుకుంటానని చెప్పి మూతలు తీయించాను. ఇసుక చదును చేయించాను. ఆదివారం మధ్యాహ్నం చూస్తే గీత కనపడిన బొరియలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అది ముందే ఊహించాను. బొరియ దగ్గర అలికిడైతే ధబ్ బయటికి రావడం మానేస్తుంది. నెత్తిన పలకలు పడి, వాటి మీద సంచులు పడి, చుట్టూ ఆరుగురు తొక్కి తిరిగాక ఏ జీవమూ మర్నాడే షికారుకు రాదు. కానీ కాగితం మీద లెక్క మాత్రం స్పష్టంగా ఉంది. కాలనీ దాదాపు ఖాళీ.

ఆ కాగితం చూసి ఇంజనీర్ యూసుఫ్ చాలా సంతోషించాడు. ఈ లెక్క చెల్లదు, మళ్ళీ చేయాలి అని నేను చెప్పినప్పుడు ఆయన సంతోషం అంతే వేగంగా పోయింది. ఎందుకు చెల్లదో రాసి ఇమ్మన్నాడు. రాసి ఇవ్వడమంటే ఎన్.సి.ఆర్. ఇవ్వడం. అంటే, జరగవలసిన పద్ధతిలో పని జరగలేదని ఒక సంస్థ మరొక సంస్థకు ఇచ్చే నివేదిక. ఏం జరిగింది, కారణమేమిటి, ఎలా సరిచేయాలి అన్నవి అందులో ఉంటాయి. మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ఎన్.సి.ఆర్.లో మనుషుల పేర్లు రాయం, కారణాలే రాస్తాం. పేరు రాస్తే అందరూ ఆ మనిషి వెంట పడతారు, కారణం అలాగే ఉండిపోతుంది అని మా సంస్థ పెద్దాయన వాదన. నేనూ అలాగే రాశాను. కాంట్రాక్టరు భద్రతా నియమం ప్రకారం సిబ్బంది బొరియలను మూసినందువల్ల రెండో విడత లెక్క చెడింది, స్థలాన్ని కొన్ని రోజులు వదిలేసి మళ్ళీ లెక్క చేయాలి. మంచి నివేదిక అనే అనుకున్నాను.

ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం, నేను ఇంటికి బయల్దేరబోతుంటే, కింద వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఎవరో సైటు పనిబట్టల్లో వచ్చాడు, మేడం కావాలంటున్నాడు, వెళ్ళమంటే వెళ్ళడం లేదు. గంగారాం. డ్యూటీ దిగి సిత్రా నుంచి బస్సులు మారి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళు మాత్రం తాగాడు.

"పేరు రాయకపోతే మాకు మంచి జేసినట్టు అనుకున్నరా మేడం?" అన్నాడు.

ఏమైందని అడిగాను. కాంట్రాక్టరు ఆఫీసులో నా నివేదికలోని 'సిబ్బంది' అన్న మాట చదివి, సిబ్బంది అందరికీ వార్నింగ్ లెటర్లు తయారు చేశారట. వాళ్ళ కంపెనీలో ఏడాదిలో రెండో వార్నింగ్ పడితే వీసా రెన్యువల్ ఉండదు. సాయిలుకు హెల్మెట్ లేకుండా దొరికినందుకు, నర్సయ్యకు సూపర్‌వైజరుకు ఎదురు చెప్పినందుకు అప్పటికే ఒక్కొక్కటి ఉన్నాయి. రెండోది పడితే ఇద్దరూ ఇంటికే. ఉత్తరాలు వచ్చే ఆదివారం ఇస్తారు.

"నామీద ఇప్పటిదాంక ఒక్కటి గూడ లేదు. నాకు వడితే గది మొదటిది. ఖలాస్, గంతే. మూయమని ఆళ్ళకు జెప్పింది నేను. నా పేరు రాయుండ్రి. ఆళ్ళను ఇడిచిపెడ్తరు."

నేను వెంటనే ఒప్పుకోలేదు. ఒక మనిషి వచ్చి 'నింద నా మీద రాయండి' అంటే రాయడానికి చేయి ఆడదు. అతనికి ఆదేశం ఎవరిచ్చారో కూడా రాయాలి కదా, అన్నాను.

"అది మీ ఇష్టం మేడం. సారు జెప్పింది నిజమే, నేను మూసింది నిజమే. నా దిక్కు మాత్రం దాసిపెట్టకుండ్రి."

అతను తెచ్చిపెట్టుకున్న త్యాగంతో మాట్లాడలేదు. ఎవరికి ఎన్ని వార్నింగులున్నాయో చూసుకుని, ఎక్కడ పడితే నష్టం తక్కువో అక్కడ పడేయమంటున్నాడు. మా ఆఫీసులో ఇంత సూటిగా ఆలోచించిన సమావేశం ఒక్కటీ నాకు గుర్తులేదు. నాకు అతని మీద గౌరవం కలిగింది, నా నివేదిక మీద చిరాకు కలిగింది.

మర్నాడు సవరించిన ఎన్.సి.ఆర్. రాశాను. భద్రతా అధికారి సత్యప్రసాద్ గురువారం సాయంత్రం సైటులో గుంతలన్నీ మూయమని ఫోనులో ఆదేశించారు. ఆయనకు సర్వే పద్ధతి కాగితాలు అందలేదు. మేస్త్రీ గంగారాం ఆ ఆదేశం ప్రకారం తన మనుషుల చేత బొరియలు మూయించారు. మిగతా ఐదుగురు మేస్త్రీ మాట ప్రకారం పని చేశారు. మా పెద్దాయన చదివి, ముప్పై ఏళ్ళ ఆచారం పాడు చేస్తున్నావన్నాడు. ఆ ఆచారం మన ఆఫీసు గడప లోపలే పనిచేస్తోంది, గడప దాటాక దాని అర్థం మారిపోతోంది, అన్నాను. చాలాసేపు గొణుక్కుని సంతకం పెట్టాడు.

మధ్యాహ్నానికి సత్యప్రసాద్ వచ్చాడు. అమలాపురం వైపు కుర్రాడు, ముప్పై దాటి ఉంటాయి, మనిషి మంచివాడే. అతనికి నా మీద కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"మేడం గారూ, మీరూ మేమూ ఒక ప్రాంతం వాళ్ళం. ఒక్క మాట ముందు నాకు చెప్తే పోయేది కదండీ. ఆ గంగారాం గారి పేరు ఒక్కటీ ఉంచి, నాది తీసేస్తే ఎవరికండీ నష్టం?"

"గంగారాం గారికి," అన్నాను. "ప్రాంతం లెక్కేసి అంతా తెలంగాణ వాళ్ళ మీదకే తోసేయమంటారా బాబూ?"

గుంతలు మూయమనడం తప్పేమీ కాదని అతను అన్నాడు. తప్పని నేనూ రాయలేదని, అతనికి కాగితాలు అందలేదన్న వాక్యం అతన్ని కాపాడడానికే ఉందని చూపించాను. అప్పుడు మళ్ళీ చదివాడు. చదివాక, మళ్ళీ లెక్క చేసేదాకా ఆ స్థలంలోకి ఎవరూ అడుగుపెట్టకుండా చూడడం ఎలా అని తనే ఎత్తుకున్నాడు. నేను బతిమాలి బోర్డులు పెట్టిస్తే డ్రైవర్లు వాటి పక్కనే టీ తాగుతారు. సేఫ్టీ ఆఫీసరు టేపు కట్టి 'ప్రవేశం నిషేధం' అంటే ప్రాజెక్టు మేనేజరు కూడా అవతల నుంచే చూస్తాడు. ఆ సాయంత్రమే టేపు కట్టించాడు. ఆ పని అతను వంక లేకుండా చేశాడు. నాతో మాత్రం ఆ తర్వాత అవసరానికి మించి మాట్లాడలేదు.

ఉత్తరాల సంగతి ఆదివారం తెలిసింది. సాయిలుకు, నర్సయ్యకు, మిగతా ముగ్గురికీ రాలేదు. గంగారాంకు ఒకటి వచ్చింది. సత్యప్రసాద్‌కు ఉత్తరం రాలేదు, మాటలతో హెచ్చరించారని విన్నాను. ఇద్దరి విషయంలోనూ ఒకే కాగితం చదివి కంపెనీ ఒకరికి ఉత్తరమూ మరొకరికి మాటా ఇచ్చింది. అది నాకు నచ్చలేదు. ఇంజనీర్ యూసుఫ్‌తో ఆ మాటే అన్నాను. మీ పని బల్లులు, మనుషులు మా పని అని ఆయన మర్యాదగానే చెప్పాడు.

స్థలాన్ని వదిలేసినన్నాళ్ళు యూసుఫ్ రోజూ ఫోన్ చేసి పని ఖలాస్ అయిందా, ముగిసిందా అని అడిగాడు, నా ఆరోగ్యం ప్రస్తావన మానేశాడు. గాలిదుమారం కూడా ఒకటి వచ్చి మూతల ఆనవాళ్ళు చెరిపేసింది, దానికి మాత్రం సంతోషించాను. మళ్ళీ ఇసుక చదును చేసే రోజున అదే ఆరుగురిని పంపమని పట్టుబట్టాను. వాళ్ళ బూట్లకు గోనె చుట్టించి, ఒక్కొక్క బొరియ దగ్గరకు ఒక్కొక్కరే వెళ్ళేటట్టు చేశాం. మర్నాడు ఎండ బాగా ముదిరాక వెళ్ళాం. మొదటి పట్టీలో మొదటి బొరియ ముందు గీత లేదు. రెండోదాని ముందూ లేదు. నర్సయ్య నా మొహం చూడకుండా నడుస్తున్నాడు. మూడోదాని ముందు తోక ఈడ్చిన గీత ఉంది, పక్కన పెద్ద పెద్ద గోళ్ళ గుర్తులున్నాయి. అక్కడి నుంచి బాట దాకా ఉన్న పట్టీలలో చాలా బొరియల ముందు గీతలు కనపడ్డాయి. ఒకచోట అసలు జీవమే బయట రాతి మీద పడుకుని ఉంది. మమ్మల్ని చూసి ఏ తొందరా లేకుండా లోపలికి పోయింది. సాయిలు కూర గురించి ఏమీ అనలేదు. గంగారాం ఆ గీత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"మనం మూసినప్పుడు ఇది లోపల్నే ఉన్నదా మేడం?" అని అడిగాడు. ఉందనే అన్నాను. "మరి దీని ఇంటికి మనం పలక ఏసినట్టే," అని లేచి తర్వాతి జెండా దగ్గరకు నడిచాడు.

కాలనీ నివాసమేనని నివేదిక ఇచ్చాను. యార్డు బాటకు అవతలి వైపు జరిగింది. బాటను ఆనుకున్న పశ్చిమపు అంచున మాత్రం గీతలు కనపడని కొన్ని బొరియలు ఉన్నాయి. వాటిని ఖాళీ అని రాయలేదు, జీవం బయటికి వచ్చిన ఆనవాలు కనపడలేదు అని రాశాను. ఆ అంచులో కొంత ముక్క తర్వాత బాట వెడల్పు చేయడానికి పోయింది. అందులో ఏవైనా ఉన్నాయేమో నాకు తెలియదు, తెలిసినట్టు ఎక్కడా చెప్పలేదు.

ఈ ఉదంతం తర్వాత నేను రాసిన ప్రతి సర్వే ప్రణాళికలోనూ జంతువు వివరాల కన్నా ముందు ఒక పేరా ఉండేది. ఈ నేల మీద మన పనివాళ్ళు ఇంకెవరి ఆదేశాలకు లోబడి ఉన్నారు, ఆ ఆదేశాలలో ఏది మన పనికి అడ్డం వస్తుంది అని. పేర్ల విషయంలో నేర్చుకున్నది ఇంకా చిన్న సంగతి. పేర్లు దాచితే బరువు ఎవరి మీద పడుతుందో మన చేతిలో ఉండదు. రాస్తే ఎవరు చెప్పారో, ఎవరు చేశారో పూర్తిగా రాయాలి. ఆ సర్వే చివరి నివేదికలో సర్వే బృందం అనే పేజీ ఉంటుంది. మామూలుగా అక్కడ డిగ్రీలున్నవాళ్ళ పేర్లే వేస్తారు. నేను ఆరుగురి పేర్లూ వేశాను. అందువల్ల ఆ ఫైలులో గంగారాం పేరు రెండుసార్లు ఉంది, బొరియలు మూయించినవాడిగా ఒకసారి, లెక్క చేసినవాడిగా ఒకసారి. రెండూ నిజమే.